గవాస్కర్ వెస్టిండీస్ మీద కొట్టిన 13 సెంచరీలు: అసలు పేస్ మీద కొట్టినవి ఎన్ని?

మూడో స్లిప్:
గవాస్కర్ పేరు ఎక్కడ వచ్చినా ఒకటే పాట: హెల్మెట్ లేకుండా వెస్టిండీస్ పేస్ (ఫాస్ట్) బౌలర్లు హోల్డింగ్, రాబర్ట్స్, మార్షల్, గార్నర్‌లను ఎదుర్కొని 13 సెంచరీలు బాదాడని. ఈ లెక్క ఒకసారి విప్పి చూద్దాం.

1971లో అక్కడికి వెళ్లి నాలుగు కొట్టాడు. అప్పటికి వాళ్ల పాత ఫాస్ట్ బౌలర్లు హాల్, గ్రిఫిత్ ఇద్దరూ లేరు. హోల్డర్, షిల్లింగ్‌ఫర్డ్, డో, వయసు మీద పడుతున్న సోబర్స్, ఇక స్పిన్నర్లు. 1978-79లో మన గడ్డ మీద ఇంకో నాలుగు. ప్యాకర్ గొడవ (ఆస్ట్రేలియా వ్యాపారి ప్యాకర్ సొంతంగా పెట్టిన సిరీస్‌కి పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోవడం) వల్ల లాయిడ్, రిచర్డ్స్, రాబర్ట్స్, హోల్డింగ్, గార్నర్, క్రాఫ్ట్‌లలో ఒక్కరూ రాలేదు, కాళీచరణ్ కెప్టెన్‌గా మిగిలినవాళ్లు వచ్చారు. అంటే 13లో 8 పక్కన పెట్టాల్సిందే. మిగిలినవి 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రెండు, 1983లో జార్జ్‌టౌన్‌లో ఒకటి, ఆ ఏడాది చివర్లో ఢిల్లీ, మద్రాసుల్లో చెరొకటి. మొత్తం ఐదు. గొప్ప ఓపెనరే, కాదనను. కానీ ‘కరీబియన్ పేస్‌ను జయించినవాడు’ అన్నది మనం కలిపి చెప్పుకున్న మాట.

పెవిలియన్ ఎండ్:
సోఫాలో కూర్చుని సెంచరీలు కొట్టేయడం భలే తేలిక బ్రదర్. 1971లో ఆయన వయసు 21. మొదటి సిరీస్, అదీ విదేశంలో. నాలుగు టెస్టుల్లో 774 పరుగులు. చివరి టెస్టులో పంటి నొప్పితో నిద్ర లేకుండా 124, 220. బౌలర్లు వీక్ అంటున్నారు, మరి అదే బౌలర్ల మీద మిగతా మనవాళ్లు ఎందుకు కొట్టలేదట?

మూడో స్లిప్:
కొట్టారు సార్. సర్దేశాయ్ మొదటి టెస్టులోనే 212 కొట్టాడు, ఆ సిరీస్‌లో 600 దాటాడు. 774ని నేను తక్కువ చేయడం లేదు. దాన్ని ‘భీకర పేస్’ ఖాతాలో వేయొద్దంటున్నాను, అంతే.

లాల్ బహదూర్ స్టేడియం గ్యాలరీ:
1971 అనగానే మన హైదరాబాద్ వాళ్లకు గుర్తుకు రావాల్సిన పేరు ఇంకొకటి ఉంది. వేలికి ఇన్ఫెక్షన్ వచ్చి గవాస్కర్ కింగ్‌స్టన్‌లో మొదటి టెస్టు ఆడలేదు. ఆయన బదులు ఓపెనింగ్‌కి దిగింది మన జయంతిలాల్. 5 పరుగులకు స్లిప్‌లో సోబర్స్ చేతికి చిక్కాడు. వెస్టిండీస్‌ను ఫాలో ఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్) ఆడించడంతో మనకు రెండో ఇన్నింగ్స్ రాలేదు. రెండో టెస్టుకి గవాస్కర్ కోలుకున్నాడు, 65, 67 నాటౌట్, మ్యాచ్ మనదే. జయంతిలాల్‌కి మళ్లీ టెస్టు దక్కలేదు. ఒక్క ఇన్నింగ్స్‌తో సరి. అదే టూర్‌లో మన జైసింహా కూడా ఉన్నాడు. ఆయనంటే గవాస్కర్‌కి ఎంత అభిమానమో కొడుకు పేరులోనే ఉంది: రోహన్ జైవిశ్వ. కన్హాయ్, జైసింహా, విశ్వనాథ్. సరే, దారి తప్పాను.

మూడో స్లిప్ గారి లెక్క తప్పేం కాదు. ఆయన లెక్కించే పద్ధతితోనే నాకు పేచీ. సెంచరీలనే లెక్కపెడితే 1983 నవంబర్‌లో అహ్మదాబాద్ ఇన్నింగ్స్ జారిపోతుంది. పిచ్ అధ్వానం. మొత్తం జట్టు 241కే ఆలౌట్, అందులో గవాస్కర్‌వి 90. సెంచరీ కాదు కాబట్టి ఈ చర్చలోకే రాలేదు! అంతకు ముందు కాన్పూర్‌లో మార్షల్ బౌన్సర్‌కి ఆయన చేతిలోంచి బ్యాట్ ఎగిరిపడింది. పేపర్లన్నీ పని అయిపోయిందని తేల్చేశాయి. తర్వాతి టెస్టు ఢిల్లీలో. ఏళ్ల తరబడి మూలన పెట్టిన హుక్ షాట్ బయటికి తీశాడు. మార్షల్ షార్ట్‌గా వేయడం, ఈయన వెనక్కి జరిగి లెగ్ సైడ్‌కి లాగడం. 94 బంతుల్లో సెంచరీ. బ్రాడ్‌మన్ 29 సెంచరీలను అందుకున్నది దాంతోనే. ముప్పై నాలుగేళ్లకు తన ఆటనే మార్చుకున్నవాడిని ‘కలిపి చెప్పుకున్న మాట’ అంటే ఎలా మాస్టారూ?

ముల్తాన్ 309:
పెద్దలందరికీ దండాలు. 94 బంతుల్లో సెంచరీకే ఇంత సంబరమా? సెహ్వాగ్ స్ట్రైక్ రేట్ కెరీర్ మొత్తానికే 82. రెండు ట్రిపుల్ సెంచరీలు. 1975 వరల్డ్ కప్‌లో 174 బంతులాడి 36 నాటౌట్‌గా మిగిలిందెవరో కూడా చెప్పండి.

పెవిలియన్ ఎండ్:
ఆ 36 గురించి ఏ వకీలూ వాదించలేడు తమ్ముడూ, వదిలెయ్. ఆ తర్వాత 1987 వరల్డ్ కప్‌లో నాగ్‌పూర్‌లో న్యూజిలాండ్ మీద 88 బంతుల్లో 103 నాటౌట్ కూడా ఆయనదే.

సెహ్వాగ్ నాకూ ఇష్టమే. 2008లో చెన్నైలో 387 ఛేదిస్తుంటే అతను 68 బంతుల్లో కొట్టిన 83 లేకపోతే మనం గెలిచేవాళ్లం కాదు. కానీ అతని వెనకాల ద్రావిడ్, సచిన్, లక్ష్మణ్ ఉన్నారు. గవాస్కర్ అవుటైతే ఇంట్లో రేడియో కట్టేసేవాళ్లం. వికెట్ పారేసుకునే హక్కు ఆయనకు లేదు.

లాల్ బహదూర్ స్టేడియం గ్యాలరీ:
గవాస్కర్ వెనకాల విశ్వనాథ్ ఉన్నాడు, ఆయన్ని మరీ అంత తీసిపారేయకండి. కానీ భయం మాత్రం నిజమే.

నన్నడిగితే ఈ 13 అంకె ఎత్తడమే దండగ. గవాస్కర్‌ను కొలవాలంటే నాలుగో ఇన్నింగ్స్ చూడండి. పగిలిన పిచ్, ముందు కొండంత లక్ష్యం, వెనక తోక బ్యాట్స్‌మెన్. అక్కడ ఆయన సగటు 58.25. కెరీర్ సగటు 51.12 కంటే ఎక్కువ! అందులో నాలుగు సెంచరీలు: బ్రిడ్జ్‌టౌన్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్, బ్రిస్బేన్, ఓవల్. 1979 ఓవల్‌లో ఇంగ్లండ్ మీద లక్ష్యం 438. చౌహాన్‌తో 213, వెంగ్‌సర్కార్‌తో 153. ఒక దశలో స్కోరు 366కి ఒక వికెట్. ఇంకో 49 కావాల్సి ఉండగా బోథమ్ బంతిని మిడాన్‌లో గోవర్ చేతిలోకి కొట్టాడు, 221. చివరికి 429కి 8, తొమ్మిది పరుగులు తక్కువై డ్రా. ఆఖరి టెస్టు ఇన్నింగ్స్ కూడా నాలుగోదే: 1987 బెంగళూరు, పాకిస్తాన్ స్పిన్నర్లు ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ తిప్పుతుంటే 96. మనం 16 పరుగులతో ఓడాం. పేస్ వాదన పక్కన పెట్టండి, ఇలాంటి చోట్ల ఇంకెవరున్నారో చెప్పండి.

మూడో స్లిప్:
నాలుగో ఇన్నింగ్స్ గురించి నాకే తగవూ లేదు. కానీ ప్రశ్న పేస్ గురించి. 1983లో కరీబియన్‌కి వెళ్లినప్పుడు రాబర్ట్స్, హోల్డింగ్, మార్షల్, గార్నర్ నలుగురూ ఉన్నారు. ఐదు టెస్టుల్లో గవాస్కర్‌వి 240 పరుగులు, అందులో 147 వాన పడ్డ జార్జ్‌టౌన్ మ్యాచ్‌లోనే. సగటు 30. అదే సిరీస్‌లో అవే బంతులు తిని మొహిందర్ అమర్‌నాథ్ 598 కొట్టాడు. పేస్‌ను జయించినవాడని ఎవరినైనా పిలవాలంటే మొహిందర్‌ను పిలవండి. ఇక మద్రాసు 236 సంగతా? సిరీస్ అప్పటికే 3-0తో పోయింది.

పెవిలియన్ ఎండ్:
మద్రాసులో నంబర్ 4లో దిగాడు. అప్పటికి మార్షల్ ఇద్దరిని పంపేశాడు, స్కోరు 0కి 2. నువ్వు ఎక్కడ దిగినా స్కోరు సున్నాయే అని రిచర్డ్స్ ఆటపట్టించాడని గవాస్కరే చాలాసార్లు చెప్పాడు. సిరీస్ పోయిందని మార్షల్ నెమ్మదిగా వేశాడంటారా?

మొహిందర్ విషయానికొస్తే, ఆ వీరుడే ఆరు నెలలు తిరిగాక ఇదే వెస్టిండీస్ మన దేశానికి వస్తే ఆరు ఇన్నింగ్స్‌లలో చేసింది ఒక్క పరుగు. గవాస్కర్ 505. రెండు సిరీస్‌లూ కలిపి మీరే కూడుకోండి, మొహిందర్ 599, గవాస్కర్ 745.

మూడో స్లిప్:
ఇన్నింగ్స్‌లు కూడా కూడండి సార్. గవాస్కర్‌వి 20, మొహిందర్‌వి అంతకంటే తక్కువ. రాత్రికి సగటులు తీసి పెడతాను.