టీజ్ అన్న ఒక్క మాటకు ఇన్ని అర్థాలా?

ప్రశ్న (అనువాద విద్యార్థిని)

ఆంగ్లంలోని ‘టీజ్’ అన్న క్రియను నిఘంటువులో చూస్తే ఆటపట్టించడం, ఏడిపించడం అన్న అర్థాల పక్కనే ఉన్నిని విడదీయడం, జుట్టును ఉబ్బెత్తుగా దువ్వడం అన్నవి కూడా కనిపిస్తున్నాయి. సినిమావాళ్ల టీజర్, పత్రికల్లో చదివే ఈవ్ టీజింగ్ కూడా ఇందులోంచి వచ్చినవేనా? ఇవన్నీ ఒకే మాటా, ఒకే ఉచ్చారణ గల వేర్వేరు మాటలా? తెలుగులో ఎక్కడ ఏది వాడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (భాషాభిమాని)

ఇవన్నీ ఒకే మాటేనండి. పాత ఆంగ్లంలో దీని అర్థం పీకి విడదీయడం, ముఖ్యంగా ఉన్ని పోగుల చిక్కు తీయడం. మనిషిని చిన్న చిన్న మాటలతో పదేపదే గిల్లి విసిగించడం అన్న అర్థం 17వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చి చేరింది. టీజిల్ అనే ముళ్ల మొక్క పేరు కూడా ఈ కుదురులోనిదే. దాని ఎండిన పూగుత్తులకు ఉండే కొక్కేల వంటి ముళ్లతో ఉన్నిబట్టను గీకి, పైన నూగు లేచేలా చేసేవారు. జుట్టును కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి ఉబ్బెత్తుగా నిలపడాన్ని అమెరికా వాడుకలో టీజ్ అంటారు. 1960లలో పేరుపొందిన తేనెపట్టు ఆకారపు కొప్పుకు ఆధారం ఈ దువ్వడమే. కలగాపులగంగా ఉన్న సమాచారంలోంచి అసలు సంగతిని ఓపికగా బయటికి తీయడానికీ ఈ క్రియనే వాడతారు. టీజర్ మాత్రం కొంత చూపి, మిగిలినది దాచి ఆశపెట్టేది. దానికి ‘ఊరింపు’ చక్కగా సరిపోతుంది.

సమాధానం (నేతపని కుటుంబం)

ఉన్ని విషయంలో ఒక మాట చేర్చాలి. ఈ పనికి మనకు సొంత క్రియ ఉంది: ఏకడం. గింజ తీసిన పత్తిని వింటినారితో కొట్టి, పోగులు విడిపోయాక ఏకులుగా చుట్టి వడుకుతారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో అంతకు ముందే, గింజలతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. అందులోని సన్నని పళ్లు చెత్తను తీసి పోగులను సర్దుతాయి. ఆ దువ్వడం దగ్గరే పొందూరు ఖాదీ నాణ్యత మొదలవుతుంది. కాబట్టి అనువాదంలో ‘ఉన్నిని ఏకడం’ అంటే చాలు, వేరే వివరణ అక్కరలేదు.

సమాధానం (న్యాయవాది)

ఈవ్ టీజింగ్ గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. ఈ జోడుమాట భారత ఉపఖండంలో వాడుకలోకి వచ్చింది. దారిలో వెంటపడటం, అసభ్యంగా మాట్లాడటం, తాకడం వంటి నేరాలను ఇది చిలిపి పనుల స్థాయికి దించివేస్తుంది. తమిళనాడు 1998లో చేసిన చట్టానికి మొదట ఈ పేరే ఉండేది, తర్వాత దానిని మహిళలపై వేధింపుల నిషేధ చట్టంగా మార్చారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపులను, 78వ సెక్షన్ వెంటపడటాన్ని, 79వ సెక్షన్ మహిళల గౌరవానికి భంగం కలిగించే మాటలను, సైగలను నేరాలుగా పేర్కొంటున్నాయి. వాటిలో ఎక్కడా ఈ జోడుమాట లేదు. అనువాదంలో ‘ఆకతాయి చేష్టలు’ అని కూడా రాయకండి, ‘వేధింపులు’ అనే రాయండి.

ప్రశ్న (అనువాద విద్యార్థిని)

అందరికీ కృతజ్ఞతలు. మరి ఆటపట్టించడానికీ ఏడిపించడానికీ తేడా ఏమిటండి?

సమాధానం (భాషాభిమాని)

ఆటపట్టించడంలో చనువు ఉంటుంది. పెళ్లి భోజనాల వేళ వియ్యాలవారి మీద కట్టి పాడే ఎగతాళి పాటలు ఆ కోవలోవే. ఏడిపించడం రెండు వైపులా పోతుంది: బావ మరదలిని ఏడిపించాడంటే అది సరసం కావచ్చు, బడిలో నలుగురు చేరి ఒక పిల్లవాడిని ఏడిపించారంటే అది హింస. ఆంగ్ల మాటకూ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి కనుక, అవతలి మనిషి నవ్వుతున్నారా, తప్పించుకోవాలని చూస్తున్నారా అన్నది మూలంలో వెతికి, ఆ తర్వాతే తెలుగు క్రియను ఎంచుకోండి.