కొత్త రోడ్ బైక్‌కు గాలి ఎక్కట్లేదు, పొద్దున్నుంచి తంటాలు పడతాండా, ఎవరన్నా చెప్పండి

కొత్తసవారి (అనంతపురం):
అన్నలకు నమస్తే. నిన్న సైకిలు డబ్బా ఇప్పి బిగించినాము. ఈ పొద్దు తెల్లారక ముందే మొదటిసారి బయటికి తీసినా. టవర్ క్లాక్ కాడ నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకోని బుక్కరాయసముద్రం చెరువు దాటే దాకా ఎంత హాయిగా పోయిందో చెప్పలేను. కాలు ఆడిస్తే చాలు, అదే పోతాంది. తిరుక్కోని వచ్చేటప్పుడే కథంతా. ఎంత తొక్కినా బండి కదల్లేదు, మధ్యలో చక్రం మెత్తబడింది. దిగి చూస్తే టైరు నేలకు పరుచుకోనుంది. ఇంటి దాకా తోసుకుంటా వచ్చినా. అప్పటి నుంచి గాలి కొడతానే ఉండా, రవ్వంత గూడా ఎక్కదు. పంక్చర్ అంగడాయప్ప చూసి "ఇది మా పంపుకు పట్టదప్పా" అన్నాడు. పెట్రోల్ బంకులో పైపు మూతికి ఆనుకోనే లేదు. ట్యూబు పోయిందా, చక్రమే మార్చల్లా? ఇంత దుడ్డు పోసి కొన్న సైకిలు మొదటి పొద్దే గోడకు ఆనించి పెట్టినా. తొందరగా చెప్పండి.

గేర్‌వైర్:
వాల్వ్ ఫోటో పెట్టు.

కొత్తసవారి:
ఫోటో ఎందుకన్నా, మామూలు వాల్వే. పైన నల్ల టోపీ ఉండె, తీసేసినా.

సీమగాలి (ధర్మవరం):
తమ్ముడూ, నువ్వు "ఎంత తొక్కినా కదల్లేదు" అన్నావు చూడు, అది చక్రం తప్పు ఒక్కటే కాదు. అది ఆషాఢం గాలి. నైరుతి గాలులు మన జిల్లా మీద జూన్ నుంచి ఆగస్టు దాకా ఎంత గట్టిగా వీస్తాయో రామగిరి గుట్టల మీద గాలిమరలు చూస్తే తెలుస్తుంది, ఊరికే పెట్టలేదు వాటిని. తాడిపత్రి అనంతపురానికి ఈశాన్యంగా ఉంది. పోయేటప్పుడు గాలి వీపున ఉంటుంది, నీ బలమే అనుకుంటావు. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. కొత్తగా తొక్కేవాళ్ళు ఈ కాలంలో పడమటి దిక్కునున్న కళ్యాణదుర్గం రోడ్డు వైపు పోవాలి. అలసట లేనప్పుడు గాలికి ఎదురెళ్ళి, అలిసిపోయాక గాలితో రావాలి. ఇంకో మాట, ఎదురుగాలిలో పెద్ద గేరు వేసి మోకాళ్ళతో తోయకూడదు. చిన్న గేరు వేసుకుని కాళ్ళు త్వరగా తిప్పు, హ్యాండిల్ కింది వంపు పట్టుకుని ఒంగు. గాలికి అడ్డం పడేది ముఖ్యంగా నీ ఛాతీయే. దీని గురించి నేను చాలా రోజులుగా చెబుతున్నాను, ఎవరూ పట్టించుకోరు.

గేర్‌వైర్:
ఆయప్ప అడిగింది టైరులో గాలి గురించి.

పాతసైకిల్ (కడప):
ఇంత చర్చ ఎందుకు? 28 ఇంచీల ట్యూబు ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. మామూలు సైకిలు ట్యూబు వేయించు, మామూలు పంపుతో గాలి కొట్టించు. రిమ్ము రంధ్రంలో వాల్వ్ పట్టకపోతే డ్రిల్లింగ్ మిషనుతో ఒక్క నిమిషంలో పెద్దది చేస్తారు.

పెడల్_కర్నూలు:
తమ్ముడూ, దయచేసి రిమ్ముకు డ్రిల్లు పెట్టనియ్యొద్దు. ముందుగా ఈ ఒక్కటి చెప్పాలనే తొందరగా రాస్తున్నా.

నీది రోడ్ బైక్ అయితే దాదాపు ఖాయంగా ప్రెస్టా వాల్వే. మోటారు సైకిళ్ళకూ కార్లకూ ఉండేది ష్రేడర్, దాని మూతి 8 మిల్లీమీటర్ల లావు. ప్రెస్టా 6 మిల్లీమీటర్లే, అందుకే బంకు పైపు పట్టుకోదు. మన పాత సైకిళ్ళది మూడో రకం, డన్‌లప్ వాల్వ్. అంగడాయప్ప పంపు దానికి చేసింది. ఆయన తప్పేం లేదు.

ఇప్పుడు ఇది చూడు. నల్ల టోపీ తీశాక వాల్వ్ కొనన ఒక చిన్న ఇత్తడి నట్టు కనబడుతుంది, గోటితో తిప్పేంత చిన్నది, అంచున గరుకు గీతలు ఉంటాయి. దాన్ని ఎడమకు తిప్పు. అది ఊడి చేతికి రాదు, కొస దాకా పోయి నిలబడుతుంది. అప్పుడు వేలితో ఒక్కసారి నొక్కు. లోపల గాలి మిగిలుంటే బుస్సుమంటుంది. లేకపోయినా సరే, ఆ నట్టున్న సన్న పుల్ల కిందికీ పైకీ ఆడితే చాలు. ఆ నట్టు బిగించి ఉన్నంతసేపు పంపుతో ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు. గాలి పట్టాక నట్టు మళ్ళీ బిగించు.

నీ పంపు ఏది? ఏ చక్రం? టైరు పక్కన ఏ అంకెలున్నాయి? మొదట బయల్దేరేటప్పుడు గాలి ఎంత పెట్టావు? ఇవేవీ నువ్వు చెప్పలేదు.

ముళ్ళబాట (తాడిపత్రి):
ఇంకేం చూడాల్సిన పని లేదు, అది పల్లేరుగాయే. చెరువు కట్ట పక్కన, రోడ్డు అంచున ఎక్కడ చూసినా అవే. ఎట్ల పడినా ఒక ముల్లు పైకే ఉంటాది దానికి. లేదంటే సర్కారు తుమ్మ. కొమ్మలు నరికి బండ్ల మీద తోలుతారు, ముళ్ళు రోడ్డంతా రాలతాయి. తొక్కి వచ్చిన ప్రతిసారీ టైరు తిప్పి చూసుకోవల్ల. ముల్లు కనబడితే అప్పుడే పీకల్ల. ఆలస్యం చేస్తే లోపలికి దిగుతాది.

కొత్తసవారి:
ముందు చక్రం కాదు, వెనకదన్నా. పంపు సైకిలుతో పాటు డబ్బాలో వచ్చింది, మూతికి రెండు బొక్కలుండాయి. టైరు మీద 700 x 25C అని ఉంది, కింద 25-622 అని. గాలి వాళ్ళు పంపినప్పుడు ఎంతుంటే అంతే, కొత్త సైకిలే కదా. వేలితో నొక్కితే గట్టిగానే అనిపించింది. ఉండండి, నట్టు చూస్తా.

పాతసైకిల్:
చూశారా, 700 అంటే 28 ఇంచీలే. అంగట్లో ట్యూబు అడిగేటప్పుడు 28 అని అడిగితే ఇస్తారు.

గేర్‌వైర్:
27.

పెడల్_కర్నూలు:
రెండూ కాదు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి వివరంగా చెప్తా. ఇంచీల లెక్క పాత పేరు, రిమ్ము కొలత కాదు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం చూడాలి. మన పాలు పోసేవాళ్ళ సైకిలుకు 28 x 1½ అని ఉంటుంది, ఆ రిమ్ము 635 మిల్లీమీటర్లు. పాత రేసింగ్ సైకిళ్ళ 27 ఇంచీలది 630. 700C ది 622. ఎనిమిది మిల్లీమీటర్ల తేడాతో 27 ఇంచీల టైరు తెచ్చుకుంటే ఈ రిమ్ము మీద వదులుగా ఉంటుంది, ఊడిపోతుంది. నీ టైరు మీది 25-622 లో 622 రిమ్ముది, 25 టైరు వెడల్పు. ట్యూబు అడిగేటప్పుడు "700, 25 నుంచి 32 దాకా, ప్రెస్టా, 48 మిల్లీమీటర్ల పొడవు వాల్వ్" అని అడుగు. రిమ్ము లోతుది అయితే 60 వాల్వ్ కావాలి.

పాతసైకిల్:
నా మనవడి సైకిలు టైరు మీద 700 x 25C పక్కనే 28 x 1.00 అని అచ్చేసి ఉంది. కంపెనీవాళ్ళే రాస్తే నేను తప్పా?

పెడల్_కర్నూలు:
రాస్తారు సార్, మీరన్నది నిజమే. కానీ అంగట్లో 28 అంటే చేతికిచ్చేది పాలసైకిలు ట్యూబు. అది నాలుగు సెంటీమీటర్ల వెడల్పు టైరుకు చేసింది, ఈ సన్న టైరులో పెడితే మడతలు పడుతుంది, మడత దగ్గరే పగులుతుంది.

సీమగాలి:
గాలి వేగం సూర్యోదయానికి ముందు తక్కువ ఉంటుంది, ఎండెక్కే కొద్దీ పెరుగుతుంది. అందుకే ఐదు గంటలకే బయల్దేరమంటాను. తమ్ముడు సీటు ఎత్తు కూడా చెప్పలేదు. మడమ పెడలు మీద పెట్టి, పెడలు అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మోకాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడతావు కాబట్టి కొద్దిగా వంపు మిగులుతుంది. మొదటి రోజు మోకాలి నొప్పులు ఎక్కువగా సీటు ఎత్తు సరిలేకే వస్తాయి.

కొత్తసవారి:
అన్నా గాలి ఎక్కింది!! నట్టు ఎడమకు తిప్పినా, పంపుకున్న సన్న బొక్కలో పెట్టినా, పట్టింది. గానీ అర్ధగంటకే మళ్ళా మెత్తబడింది. గాలి యాడనో పోతాంది.

ముళ్ళబాట:
చెప్పినా కదా. పల్లేరు.

పెడల్_కర్నూలు:
వెనక చక్రం తీసే ముందు చైను వెనక అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చుకో, సులభంగా వస్తుంది. బ్రేకు మీద చిన్న లివరు ఉంటే అది వదులు చేయి. టైరు ఒక పక్క విప్పి ట్యూబు బయటికి తీయి, వాల్వ్ ఎక్కడుందో టైరు మీద గుర్తు పెట్టుకో. ట్యూబుకు గాలి పెట్టి బకెట్ నీళ్ళలో ముంచు. బుడగలు వచ్చేచోటు చూసి, ఒక రంధ్రమా రెండా చెప్పు. అది చాలా ముఖ్యం.

కొత్తసవారి:
రెండుండాయన్నా. ఒకదాని పక్కన ఒకటి, బ్లేడుతో గీసినట్ల సన్నగా.

పెడల్_కర్నూలు:
అయితే ముల్లు కాదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకరో గుంతో తగిలితే ట్యూబు రోడ్డుకూ రిమ్ముకూ మధ్య నలిగి రెండు పక్కలా తెగుతుంది. ముల్లయితే ఒక్కటే గుండ్రటి బెజ్జం. డబ్బాలో వచ్చే సైకిలుకు గాలి సగమే పెట్టి పంపుతారు, పైగా సన్న ట్యూబుల్లో గాలి దానంతట అదే తగ్గుతూ ఉంటుంది. వేలితో నొక్కి చూడటం ఈ టైర్లకు పనికిరాదు, 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్నా 90 ఉన్నా వేలికి ఒకేలా తగులుతుంది. మీటరున్న పంపు కొనుక్కో. బరువు ఎంత నీది?

కొత్తసవారి:
78 కిలోలు.

పెడల్_కర్నూలు:
25 టైరుకు వెనక 90, ముందు 85 పీఎస్ఐ పెట్టి మొదలుపెట్టు. మోటారు సైకిలుకు 30 చుట్టుపక్కలే పెడతారు కదా అని భయపడొద్దు, టైరు సన్నబడేకొద్దీ గాలి ఎక్కువ కావాలి. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె మాత్రం దాటొద్దు. తొక్కడానికి పోయే ప్రతి పొద్దూ చూసుకో. ఆ రెండు గీతలకూ ఒకే పెద్ద ప్యాచ్ సరిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడి పూర్తిగా ఆరాకే అతికించు. తడి మీద అతికిస్తే నిలవదు. తర్వాత కొత్త ట్యూబు ఒకటి దగ్గర పెట్టుకో.

ముళ్ళబాట:
ఎట్లైనా టైరు లోపల గుడ్డతో తుడిచి చూడు. వేలు పెట్టొద్దు, ముల్లుంటే దిగుతాది. మా వైపు తొక్కితే ముళ్ళూ గుంతలూ రెండూ ఉంటాయి.

గేర్‌వైర్:
హైవే మీద పోకు. సర్వీస్ రోడ్డు చాలు. హెల్మెట్టు.

సీమగాలి:
44వ నంబరు హైవే మీద లారీ పక్కనుంచి పోయినప్పుడు వచ్చే గాలి దెబ్బ గురించి వేరేగా రాస్తాను.

కొత్తసవారి:
ప్యాచ్ వేసినా, నిలిచింది. థ్యాంక్స్ అన్నా. రేపు కళ్యాణదుర్గం రోడ్డు.

పాతసైకిల్:
నా మనవడిది కూడా 25-622 నే. కడపలో 48 వాల్వ్ ట్యూబు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?