పంపు నడిపే ట్రాన్సిస్టర్ మాటిమాటికీ పోతోంది, డయోడ్ పెట్టాలా?

డిప్లొమా ఈసీఈ: నమస్తే అందరికీ. మొక్కలకు నీళ్లు పోసే ప్రాజెక్టు చేస్తున్నాను. ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు), పంపును ఆన్ ఆఫ్ చేసే 2ఎన్2222ఏ ట్రాన్సిస్టర్, 6 వోల్టుల చిన్న డీసీ పంపు. పంపు లాగేది 200 మిల్లీ ఆంపియర్లే. అయినా వారంలో రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి. రెండోది పోయాక పంపు ఆగనే లేదు, గదంతా నీళ్లు. ఎల్లుండే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

వైండింగ్ షాపు: తమ్ముడూ, పంపు మోటారుకు డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టావా?

డిప్లొమా ఈసీఈ: లేదన్నా. పంపు బాగానే తిరుగుతోంది కదా, అక్కర్లేదనుకున్నాను.

వైండింగ్ షాపు: తిరిగేటప్పుడు ఏమీ కాదు. దెబ్బ తగిలేది ఆపే క్షణంలో. నీళ్లు జోరుగా వస్తుంటే కుళాయి టక్కున కట్టేసి చూడు, పైపు దబ్బుమని అదురుతుంది. మోటారు లోపలి కాయిల్‌దీ అదే పని. ట్రాన్సిస్టర్ ఆగినా కరెంటు అటే పోవాలని చూస్తుంది. దారి దొరక్కపోతే వోల్టేజీ ఎగదన్నుతుంది. నీ ట్రాన్సిస్టర్ 40 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. అందుకే నాలుగు రోజులు ఆడి, ఒకరోజు లోపల షార్ట్ అయిపోతుంది. పంపు ఆగకపోవడం కూడా దానివల్లే అయి ఉండాలి.

ల్యాబ్ అసిస్టెంట్: నేను కళ్లారా చూశాను. 6 వోల్టుల మోటారుకే ట్రాన్సిస్టర్ కలెక్టర్ (మోటారు తీగ కలిసే కాలు) దగ్గర ప్రోబ్ పెట్టి ఆపితే, వోల్టేజీని గీతగా చూపే స్కోపులో గీత 60 వోల్టులు దాటింది. డయోడ్ పెట్టాక 7 దాటలేదు. ఆ కరెంటు డయోడ్‌లోంచి మోటారులోకే తిరిగి వచ్చి అక్కడే తగ్గిపోతుంది.

డిప్లొమా ఈసీఈ: నా దగ్గర 1ఎన్4007 డయోడ్ ఉంది, సరిపోతుందా? ఎటు పెట్టాలి?

రిలే బోర్డులు: సరిపోతుంది. మోటారు రెండు తీగల మధ్య పెట్టండి. డయోడ్ మీది వెండి రంగు గీత ప్లస్ వైపు, రెండో కాలు కలెక్టర్ వైపు. దయచేసి రెండుసార్లు చూసుకోండి. తిప్పి పెడితే ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే సప్లై మొత్తం డయోడ్‌లోంచే పోతుంది. మొదట్లో నేను అలాగే పెట్టి రెండూ ఒకేసారి కాల్చాను, వాసన ఇప్పటికీ గుర్తుంది.

ల్యాబ్ అసిస్టెంట్: ఒక్క మాట. రేపు పీడబ్ల్యూఎంతో (కరెంటును చాలా వేగంగా ఆన్ ఆఫ్ చేసే పద్ధతి) వేగం తగ్గించాలనుకుంటే 1ఎన్5819 డయోడ్ పెట్టు. 4007 నెమ్మది డయోడ్, వేగంగా ఆన్ ఆఫ్ అవుతుంటే మారడానికి టైం తీసుకుని ట్రాన్సిస్టర్‌ను వేడెక్కిస్తుంది. ఆర్డుయినో నుంచి ట్రాన్సిస్టర్ బేస్ కాలికి వెళ్లే రెసిస్టర్ ఎంత పెట్టావు?

డిప్లొమా ఈసీఈ: 1కే (1000 ఓమ్స్) సార్.

ల్యాబ్ అసిస్టెంట్: 330 ఓమ్స్‌కు మార్చు. 1కేతో బేస్‌కు 4 మిల్లీ ఆంపియర్లే అందుతాయి, ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోదు.

కొత్త సభ్యుడు: నేను మాస్‌ఫెట్ (ఇంకో రకం ట్రాన్సిస్టర్) వాడుతున్నాను. దాని లోపలే డయోడ్ ఉంటుందట, మళ్లీ వేరే ఎందుకు?

రిలే బోర్డులు: అది ఉండేది మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్సు కాళ్ల మధ్య. మోటారు కరెంటుకు తిరుగుదారి ఇవ్వదు. బయట పెట్టాల్సిందే. అదే మోటారు నడిపే ఎల్293డీ చిప్ అయితే డయోడ్లు లోపలే ఉంటాయి.

డిప్లొమా ఈసీఈ: డయోడ్ పెట్టాను, రెసిస్టర్ మార్చాను. రాత్రంతా పది నిమిషాలకోసారి ఆన్ ఆఫ్ చేస్తూ వదిలేశాను. పొద్దున ట్రాన్సిస్టర్ ముట్టుకుంటే చల్లగా ఉంది! అందరికీ థాంక్స్. పంపు తిరుగుతుంటే మాత్రం ఎల్‌సీడీలో అప్పుడప్పుడు పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

వైండింగ్ షాపు: అది బ్రష్‌ల నిప్పురవ్వల గోల, డయోడ్‌తో పోదు. 104 (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్ ఒకటి మోటారు టెర్మినళ్ల మీదే సోల్డర్ చెయ్యి. బోర్డు దగ్గర కాదు, మోటారు దగ్గరే.