ఆదివారం భోజనం: రెండు దాటేసరికి చేప ముక్క చితుకుతోంది, అన్నం ముద్దవుతోంది

మాగుంట_మీల్స్ (ప్రశ్న):
నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో 24 సీట్ల చిన్న హోటల్ మాది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అరిటాకు వేసి, తీరిగ్గా కూర్చుని తినేవాళ్లకి ఇంటి భోజనం పెడుతున్నాం: కందిపొడి, నెయ్యి, మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, కొర్రమీను పులుసు, చారు, గడ్డపెరుగు. టైం 12.30 నుంచి 3.30. మొదటి పంక్తికి అంతా బాగానే ఉంటోంది. రెండు దాటాక వచ్చినవాళ్లకి చేప గరిటెలోనే విడిపోతోంది, అన్నం ముద్ద, వేపుడు మెత్తన. చేప 4 కిలోలు, ఒకటే పెద్ద స్టీలు దబర, సన్న సెగ మీద పెట్టి ఉంచుతున్నాం. పులుసు శనివారం రాత్రే చేసి పెట్టుకోవచ్చా? కొలతలతో చెప్పండి.

పెన్నాగట్టు:
సన్న సెగ మీద మూడు గంటలు పెడితే చేప మూడు గంటలూ ఉడుకుతూనే ఉంటుందన్నా. అంగుళం మందం కొర్రమీను ముక్కకి మరిగే పులుసులో 10 నిమిషాలు చాలు. పైగా 4 కిలోలు ఒకే దబరలో వేస్తే పై ముక్కల బరువుకే అడుగువి నలుగుతాయి. వెడల్పు గిన్నెలు రెండు పెట్టుకోండి, ముక్కలు ఒక వరస, మహా అయితే రెండు.

పులుసు వేరు, చేప వేరు అనుకుని చేయండి. చింతపండు పచ్చివాసన పోవడానికి టైం కావాలి, చేపకి అక్కర్లేదు. కిలో చేప లెక్కన: పాత చింతపండు 80 గ్రాములు, నువ్వుల నూనె 100 మి.లీ., ఎర్రగడ్డలు పావు కిలో, కారం మూడు టేబుల్‌స్పూన్లు, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు. తిరగమాత పెట్టి, ఎర్రగడ్డలు మగ్గాక కారం వేసి, అది మాడకముందే పులుసు పోయాలి. నూనె పైకి తేలేదాకా, 20 నిమిషాలు, మరగనివ్వండి. ఈ చేప లేని పులుసు పదింటికల్లా మొత్తానికీ సరిపడా తయారుగా ఉండాలి.

చేప రెండు విడతలు. 2 కిలోలు 12 గంటలకి, ఇంకో 2 కిలోలు ఒంటిగంటకి. పొయ్యి కట్టేశాక ముక్క అరగంట పులుసులో ఊరితేనే ఉప్పూ పులుపూ లోపలికి దిగుతాయి, అందుకే అంత ముందు. ముక్క వేశాక గరిటె పెట్టొద్దు, గుడ్డతో అంచులు పట్టుకుని గిన్నె తిప్పడమే. దించేముందు వేయించిన మెంతులు, జీలకర్ర పొడి. మెంతులు కిలోకి అర టీస్పూను దాటాయా, చేదు.

మామిడికాయ ముక్కలు వేసే రోజుల్లో చింతపండు 50 గ్రాములకి తగ్గించండి. నాటుకాయ గట్టిగా ఉంటే చేప కంటే ఐదు నిమిషాలు ముందు వేయాలి. మట్టి దాకలో చేస్తే రెండు నిమిషాలు ముందే కట్టేయండి, దించాక కూడా దాక కుతకుతమంటూనే ఉంటుంది.

బొమ్మిడాయిల_పులుసు:
పై కొలతలతో పేచీ లేదు గానీ, రాత్రి చేసిన పులుసు రుచి పొద్దున చేసినదానికి రాదు. శనివారం రాత్రి చేయొచ్చు, హోటల్ పద్ధతిలో చేయాలి. ఇళ్లలోలాగా దాక మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే మే నెల నెల్లూరు ఎండలకి తెల్లారేసరికి పాడయ్యే ప్రమాదం ఉంది. లోతు తక్కువ ట్రేల్లోకి మార్చి, ఆవిరి తగ్గగానే, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. చల్లబడ్డ ముక్క గట్టిపడుతుంది కాబట్టి ఎత్తడం కూడా తేలిక.

వేడి చేసేటప్పుడే అందరూ చెడగొట్టేది. ట్రే మొత్తం పొయ్యి మీద పెట్టకండి. పులుసు మాత్రం తీసి తెర్లనివ్వండి, ఒక టేబుల్‌కి కావాల్సిన ఆరు ముక్కలు చిన్న మూకుడులో ఆ పులుసుతో మూడు నాలుగు నిమిషాలు. ముక్క మధ్యలో కూడా పొగలు రావాలి. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

ఇదంతా కొర్రమీనుకే. బొమ్మిడాయిలు ఏడెనిమిది నిమిషాల్లో ఉడికిపోతాయి, మెత్తటివి, వాటికి ఈ రెండో వేడి పనికిరాదు. అల్యూమినియం గిన్నె మాత్రం దేనికీ వద్దు, చింతపండు పులుపు దాన్ని తినేస్తుంది.

మాగుంట_మీల్స్:
రెండు విడతల పద్ధతే మాకు కుదిరేట్టుంది. అన్నం సంగతి? బియ్యం ఈ నెలే మార్చాం.

కోవూరు_బియ్యం:
అదే కారణం అయ్యుంటుంది. మన జిల్లాలో రబీ పంట మార్చి, ఏప్రిల్‌లో కోతకొస్తుంది, ఆ తర్వాత అంగట్లో దొరికేదాంట్లో కొత్త బియ్యం ఎక్కువ. కొత్తవి నీళ్లు తక్కువ తాగుతాయి, జిగురెక్కువ. పాత బియ్యానికి గ్లాసుకి రెండున్నర గ్లాసులు పోసే చోట వీటికి రెండు చాలు. బస్తా కొనేముందు గుప్పెడు వండి చూడండి. ఏడాది నిలవున్నవి దొరికితే రూపాయి ఎక్కువైనా అవే తీసుకోండి.

హోటల్‌కి కుక్కర్ కంటే గంజి వార్చడమే మేలు, జిగురు గంజితో పోతుంది. తీరిగ్గా తినేవాళ్లకి మనిషికి 130 గ్రాముల బియ్యం లెక్క, 24 మందికి 3 కిలోల పైచిలుకు. అంతా ఒకేసారి ఎసట్లో పోయకుండా 12.15కి, 1.15కి, 2.15కి కొంచెం కొంచెం వార్చండి. మూత కింద తడిగుడ్డ వేయకండి, పొడిగుడ్డ వేయండి. ఆవిరి నీరై అన్నం మీద కారడం వల్లే పైపొర ముద్దవుతుంది.

తిరగమాత_గింజలు:
వేపుడు: దొండకాయలు ముక్కలు చేసి, ముప్పావు వంతు వేగాక పళ్లెంలో పలచగా ఆరబోయండి. ఆకు వేసినప్పుడు పెనం మీద రెండు నిమిషాలు వేయించి, ఉప్పు, కారం, తెల్లగడ్డ అప్పుడే. ఉప్పు ముందే వేస్తే నీరూరుతుంది, మెత్తబడేది అందుకే. మూత అసలు పెట్టొద్దు.

పెరుగు గురించి మీరు అడగలేదు గానీ ఎండాకాలంలో దాంతోనే పేరు పోతుంది. రాత్రి పది గంటలకి తోడు పెడితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. తెల్లారుజామున ఐదింటికి గోరువెచ్చటి పాలలో లీటరుకి ఒక టీస్పూను తోడు వేయండి, పదింటికల్లా గడ్డకడుతుంది, కదపకుండా ఫ్రిజ్‌లోకి. చిన్న మట్టి ముంతల్లో తోడుపెడితే ఇంకా గట్టిగా వస్తుంది, వడ్డన కూడా ముంత పళంగా అయిపోతుంది.

అప్పడాలు చేస్తుంటే సముద్రపు గాలికి పావుగంటలో మెత్తబడతాయి. వేయించి ఆరిన వెంటనే మూత బిగిసే డబ్బాలో వేయండి.