నంబర్ లేకుండా పరిగెత్తినా గెలిచినట్టేనా? బోస్టన్ మారథాన్, 1966 నుంచి 1971

పాతలెక్కలు

అమెరికాలో ఏటా జరిగే బోస్టన్ మారథాన్ విజేతలందరినీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తున్నాను. నాకదో పిచ్చి. మగవాళ్ళ వరస 1897 నుంచి ఇబ్బంది లేకుండా వచ్చేసింది. మహిళల దగ్గర ఆగిపోయాను.

నిర్వాహకులు బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్ (బీఏఏ). వాళ్ళ జాబితాలో మొదటి పేరు 1966, బాబీ గిబ్, 3:21:40. తర్వాతి రెండేళ్ళూ ఆమే. 1969 నుంచి 71 దాకా సారా మే బెర్మన్. కానీ మహిళలను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఆ ఏడాది ఎనిమిది మంది మొదలుపెడితే ఎనిమిది మందీ పూర్తిచేశారు, నీనా కుసిక్ 3:10:26తో ముందు వచ్చింది. అంటే అంతకుముందు ఆరేళ్ళ "విజేతలకు" ఎంట్రీ లేదు, చొక్కాకి కట్టుకునే నంబర్ లేదు, అసలు మహిళల విభాగమే లేదు. 1996లో నూరో పరుగు జరిగినప్పుడు బీఏఏ వెనక్కి వెళ్ళి వాళ్ళ పేర్లు చేర్చింది.

గిబ్ ధైర్యానికి దండం పెడతాను. సన్మానం చేయండి, విగ్రహం పెట్టండి. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత రిజిస్టర్ దిద్దితే ఇక ఆ రిజిస్టర్‌ని ఎవరు నమ్ముతారు? నా షీట్‌లో మొదటి మహిళా విజేత కుసిక్. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

తెల్లారి పరుగు

ముందుగా ఒక మాట. విగ్రహం పెట్టేశారండీ. పరుగు మొదలయ్యే హాప్‌కింటన్‌లో 2021లో పెట్టారు. తయారుచేసింది కూడా గిబ్ గారే, ఆవిడ శిల్పి.

ఇక అసలు విషయం. మీరు రాసిన తీరు చూస్తే ఆవిడ ఎవరినీ అడక్కుండా దూరిపోయినట్టుంది. 1966లో ఆవిడ పద్ధతిగా ఎంట్రీకి రాశారు. రేస్ డైరెక్టర్ విల్ క్లోనీ నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, ఆడవాళ్ళ శరీరం అంత దూరానికి తట్టుకోదట. అప్పట్లో అమెరికాలో ఈ పోటీలను నియంత్రించే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఆడవాళ్ళకు ఒప్పుకున్న దూరం ఒకటిన్నర మైలు. అప్పటికి ఆవిడ వయసు 23. శాన్ డియేగోలో బస్సెక్కి, రోజుల తరబడి కూర్చుని ఆ దేశం ఆ చివరికి వచ్చారు. తమ్ముడి బెర్ముడా షార్ట్స్, పైన టోపీ ఉన్న స్వెట్‌షర్ట్. స్టార్ట్ లైన్ దగ్గర పొదల్లో దాక్కుని, గుంపు సగం దాకా దాటిపోయాక కలిశారు.

కాసేపటికే వెనకాల పరిగెత్తేవాళ్ళు కనిపెట్టేశారు, ఆడమనిషని. చొక్కా తీస్తే గెంటేస్తారేమోనని ఆవిడకు భయం. ఒకపక్క ఉడికిపోతోంది. మేమున్నాం, ఎవరూ గెంటరులే అని ఆ మగవాళ్ళే అభయమిచ్చారు. అప్పుడు గానీ స్వెట్‌షర్ట్ తీయలేదు. ఆ రోజు వేసుకున్నవి అబ్బాయిల షూస్, అవీ కొత్తవి. పాదాలు బొబ్బలెక్కి చివరి మైళ్ళలో దాదాపు నడకలోకి దిగిపోయారు. అయినా మూడింట రెండొంతుల మంది మగవాళ్ళకంటే ముందు వచ్చారు. ఫినిష్ లైన్ దగ్గర గవర్నర్ జాన్ వోల్పీ వచ్చి చెయ్యి కలిపారు.

గవర్నర్‌కి కనబడిన మనిషి మీ షీట్‌కి కనబడకపోతే ఎలాగండీ?

రెండో మైలు

అయ్యా, మొదటి మహిళ కాథరిన్ స్విట్జర్ కదా? 261 నంబర్, ఒకాయన వచ్చి లాగే ఫొటో… ప్రపంచమంతా చూసింది. గిబ్ ఎక్కడి నుంచి వచ్చింది మధ్యలో?

తెల్లారి పరుగు

@రెండో మైలు, ఆ ఫొటో 1967ది. గిబ్ గారి మొదటి పరుగు అంతకు ఏడాది ముందు. 1967లో కూడా ఆవిడ ఉన్నారు, 3:27:17. స్విట్జర్ గారు పూర్తిచేసింది సుమారు 4:20కి. అంటే ఆ రోజే దాదాపు గంట తేడా.

స్విట్జర్ గారి ముందు ప్రెస్ వాళ్ళ ట్రక్కు వెళ్తోంది. గిబ్ గారి ముందు ఏ ట్రక్కూ లేదు. ఒకరి పేరు మనకు తెలిసి, ఇంకొకరి పేరు తెలియకపోవడానికి సగం కారణం అదే అనుకుంటాను.

రెండో మైలు

ఓహ్. ఇన్నేళ్ళూ తప్పే చెప్పుకుంటూ తిరిగానన్నమాట. సరే, "నంబర్‌తో పరిగెత్తిన మొదటి మహిళ" అని మార్చుకుంటాను. దానికైనా ఒప్పుకుంటారా?

తెల్లారి పరుగు

దానికి ఎవరికీ పేచీ లేదు :)

పాతలెక్కలు

స్విట్జర్ ప్రస్తావన నా వాదనకే బలం. ఆమెకు నంబర్ ఉంది, ఆమె పేరు విజేతల్లో లేదు. నంబర్ లేని గిబ్ ఉంది. ఇదేం పద్ధతి?

అడ్డగోలు ప్రశ్న

పాతలెక్కలు గారూ, మీరు మీ కాలి కిందే గొయ్యి తవ్వుకుంటున్నారు. నంబరే కొలమానమైతే 1967 మహిళా విజేత స్విట్జర్ అవ్వాలి. పూర్తిచేసిన ఆడవాళ్ళలో నంబర్ ఉన్నది ఆవిడకే కదా. మరి మీ షీట్‌లో 1967 ఎదురుగా ఆ పేరు రాశారా? లేదు, 1972 నుంచి మొదలుపెట్టారు. కాబట్టి మీరు చూస్తున్నది నంబర్ కాదు, సంఘం అనుమతి. ఆ అనుమతి ఇవ్వాల్సిన సంఘమే 1996లో ఇచ్చింది. ఇంకేం కావాలి?

పాతలెక్కలు

తెలివైన మెలికే. కానీ స్విట్జర్ ఎంట్రీని వాళ్ళు చెల్లదన్నారు. కె.వి. స్విట్జర్ అని పొడి అక్షరాలతో రాసి మోసం చేసిందని కదా ఆ ఫొటోలో లాగుతున్న నిర్వాహకుడు జాక్ సెంపుల్ కోపం.

అడ్డగోలు ప్రశ్న

ఏ రూల్ ప్రకారం చెల్లదు? ఆ ఫారంలో ఆడా మగా అన్న గడే లేదు. ఆవిడ సంతకం ఎప్పుడూ అలాగే పెట్టేది. బోస్టన్ రూల్స్‌లో ఆడవాళ్ళకు వీల్లేదని రాసి లేదు గనకే సెంపుల్ బస్సు దిగి పరిగెత్తుకొచ్చి చేత్తో లాగాల్సొచ్చింది. రూల్ ఉంటే కాగితం మీదే ఆపేవారు.

మారథాన్‌లో నంబర్ కట్టుకున్నవాళ్ళకు తెలుసు. నాలుగు మూలలా నాలుగు పిన్నులు, చెమటకు తడిసిన కాగితం. వేలు తగిలితే చిరుగుతుంది. అంత పెద్దమనిషి పట్టి లాగినా అది ఊడి రాలేదు. పక్కనున్న స్విట్జర్ బాయ్‌ఫ్రెండ్ భుజంతో ఒక్క తోపు తోశాడు, సెంపుల్ వెళ్ళి రోడ్డు పక్కన పడ్డాడు. (ఆ బాయ్‌ఫ్రెండ్ హ్యామర్ త్రో ఆటగాడు. పాపం సెంపుల్‌కి ఆ సంగతి తెలియదు.)

మెల్లగా వస్తా

నంబర్ ఉంటే నిజం, లేకపోతే అబద్ధం అనేవాళ్ళు 1980 గుర్తుచేసుకోవాలి. రోజీ రూయిజ్‌కి ఎంట్రీ ఉంది, నంబర్ ఉంది, అర్హత టైమ్ కూడా ఉంది. 2:31:56కి లైన్ దాటింది, తలమీద ఆకుల కిరీటం పెట్టారు. తీరా చూస్తే దారిలో ఎక్కడా ఆమెను చూసినవాళ్ళు లేరు, చివర్లో జనంలోంచి రోడ్డు మీదికి వచ్చింది. అర్హత సంపాదించిన న్యూయార్క్ పరుగులో సబ్‌వే ఎక్కిందని తర్వాత బయటపడింది. వారం రోజులకు కిరీటం అసలు విజేత జాక్విలిన్ గారోకి వెళ్ళింది. అంటే ఇక్కడ కూడా రిజిస్టర్ దిద్దారు. ఆ దిద్దుబాటు మీద ఎవరైనా పేచీ పెట్టారా?

పాతలెక్కలు

మోసం బయటపడితే దిద్దడం వేరు. లేని విభాగాన్ని తర్వాత పుట్టించడం వేరు.

నా అసలు బాధ ఇంకొకటి, అది చెప్తాను. ఆ ఆరేళ్ళలో "ఆడవాళ్ళకు వీల్లేదు" అన్న మాట విని ఇంట్లో ఆగిపోయినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ళలో గిబ్ కంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు ఉండొచ్చు. రూల్‌ని గౌరవించి ఆగినవాళ్ళకు అప్పుడూ అన్యాయమే, ఇప్పుడు జాబితా చూస్తే మళ్ళీ అన్యాయమే. ఒక్కతే పరిగెత్తిన ఏడాది "విజేత" అంటే ఎవరి మీద గెలిచినట్టు?

తెల్లారి పరుగు

ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటేనండీ. 1966 విషయంలో మీతో సగం ఒప్పుకుంటాను. కానీ బెర్మన్ సంగతి చూడండి. మీరు మొదటి విజేత అంటున్న కుసిక్ గారు బోస్టన్‌కి మొదట వచ్చింది 1969లో, నంబర్ లేకుండానే. ఆ రోజు ఆవిడ కంటే ముందు వచ్చింది బెర్మన్. అదే రోడ్డు, అవే కొండలు, ఆడవాళ్ళతో ఆడవాళ్ళ పోటీ. 1970లో బెర్మన్ టైమ్ 3:05:07. అంటే కుసిక్ గారు రెండేళ్ళ తర్వాత అధికారికంగా గెలిచిన టైమ్ కంటే ఐదు నిమిషాలు తక్కువ. బోస్టన్‌లో అర్హత టైమ్ అనేది మొదలైందే ఆ 1970లో, నాలుగు గంటలు. దానికి దాదాపు గంట ముందే వచ్చేసిన మనిషి మీ షీట్‌లో లేదు.

మెల్లగా వస్తా

పైగా ఆ జాబితా మొదటి నుంచీ అతుకులదే కదా. 1897లో పదిహేను మందితో మొదలైన ఆ పరుగు యాష్‌లాండ్ నుంచి, దూరం ఇరవై నాలుగున్నర మైళ్ళు, ఇప్పటి మారథాన్ కంటే తక్కువ. స్టార్ట్ హాప్‌కింటన్‌కి జరిగింది 1924లో. రోడ్డు పనులతో దారి కురచైపోయి 1951 నుంచి 56 దాకా మారథాన్ దూరమే పరిగెత్తలేదు, ఆ సంగతి తర్వాత గానీ తెలియలేదు. వాళ్ళందరూ మీ షీట్‌లో ఉన్నారా లేదా?

పాతలెక్కలు

ఉన్నారు. పక్కన నక్షత్రం గుర్తు పెట్టాను. దారి కురచైతే అందరికీ ఒకటే కురచ.

స్టాప్‌వాచ్

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. టైమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరు స్టార్ట్ లైన్ దాటిన క్షణం నుంచి వాళ్ళ టైమ్ లెక్కపెట్టే చిప్‌ని షూ లేసుకి కట్టడం బోస్టన్‌కి వచ్చిందే 1996లో. అంతకుముందు అందరికీ తుపాకీ పేలిన దగ్గర్నుంచే లెక్క. పొదల్లో సగం గుంపు దాటేదాకా ఆగిన మనిషికి ఆ లెక్కలో నష్టమే గానీ లాభం లేదు. పొదల్లోంచి వచ్చింది కాబట్టి టైమ్ అనుమానం అనేవాళ్ళకు ఇది చెప్పాలనిపించింది.

రెండో మైలు

ఒక సందేహం. దీన్ని ఒప్పుకుంటే ఇప్పుడు నంబర్ లేకుండా దూరేవాళ్ళు, అదే బాండిట్లు, రేపు మా టైమ్ కూడా రాయండి అని కూర్చోరా?

అడ్డగోలు ప్రశ్న

ఇప్పుడు తలుపు తెరిచే ఉంది బ్రో. అర్హత టైమ్ తెచ్చుకో, లేదంటే చారిటీ తరఫున రా. గిబ్ తలుపు కొట్టింది, తీయలేదు. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతలెక్కలు

రెండు రోజులుగా చదువుతున్నాను. బెర్మన్, కుసిక్ ఒకే రోజు ఒకే దారిలో పోటీపడ్డారన్న విషయం నేను పట్టించుకోలేదు. అది చూశాక 1972 దగ్గర గీత గీయడం కష్టంగానే ఉంది. కుసిక్‌ని ఉంచి, ఆమెను ఓడించిన మనిషిని తీసేయడం బాగోదు.

1966 మీద మాత్రం నా మాట నాదే. ఒక్కరే ఉన్నప్పుడు "గెలుపు" అనను, "మొదటి పరుగు" అంటాను. బీఏఏ వాళ్ళు ఆ ఆరేళ్ళను ముందు "అనధికార కాలం" అనేవారు, తర్వాత "మార్గదర్శకుల కాలం" అన్నారు. నాకు మొదటి పేరే నిజాయితీగా అనిపిస్తుంది. మీకు నచ్చదని తెలుసు.

షీట్‌లో ఆరు వరసలూ చేర్చాను. పక్కన "నంబర్" అని కొత్త కాలమ్ పెట్టాను. గిబ్: లేదు. బెర్మన్: లేదు. 1980 దగ్గర రూయిజ్ పేరు కొట్టేసి, "నంబర్ ఉంది, పరుగు లేదు" అని రాశాను.

రెండో మైలు

మరి 1967లో స్విట్జర్‌కి?

పాతలెక్కలు

విజేత కాదు కాబట్టి గిబ్ వరస కింద చిన్న అక్షరాల్లో పెట్టాను. నంబర్: ఉంది. లాగారు, రాలేదు.