గణితం, పెయింటింగులు, మతం కుట్ర కలిపిన థ్రిల్లర్లు ఇంకెవరికైనా పిచ్చా?

మారతహళ్ళి పీజీ: బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నా, ముందు చదివినోడెవడో మార్జిన్‌లో పెన్సిల్‌తో 1, 1, 2, 3, 5, 8 అని కూడుకుంటూ 233 దాకా పోయాడు, కథ కన్నా అదే మజా ఇచ్చింది. బస్సులో చదువుతూ సిల్క్ బోర్డ్ స్టాప్ దాటేసా కూడా. ఇంతకీ వీటిలో నిజమెంత?

నిద్రలేనోడు: కుట్ర భాగం సోది బ్రో. ఈ నవలల్లో వచ్చే ప్రయరీ ఆఫ్ సియోన్ అనే రహస్య సంఘం వందల ఏళ్ళదని ఊదరగొడతారు గానీ అది 1956లో ఫ్రాన్సులో రిజిస్టరైంది, పాత పత్రాలన్నీ దొంగవే. అయినా తెల్లారేదాకా చదివా, అది వేరే సంగతి.

లెక్కల టీచర్: లెక్కలు మాత్రం నిజమేనండి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చెక్కిన మెలంకోలియా బొమ్మ జూమ్ చేసి చూడండి, పైన మూలకి పదహారు గళ్ళ చదరం, అడ్డంగా నిలువుగా ఐమూలగా ఎటు కూడినా 34, కింది వరస మధ్యలో 15, 14 పక్కపక్కన, అంటే చెక్కిన ఏడాది 1514. ఖజురాహో పార్శ్వనాథ గుళ్ళోనూ మొత్తం 34 వచ్చే చదరం ఉంది.

ఇక ఆ పెన్సిల్ అంకెలు, ఇటలీ లెక్కల పండితుడు ఫిబొనాచ్చి 1202లో రాసే ముందే మన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సులో పట్టాడు, నాలుగు మాత్రల్ని లఘువులు (ఒక మాత్ర) గురువులతో (రెండు మాత్రలు) ఎన్ని రకాలుగా నింపొచ్చో వేసి చూడండి, 5, ఆ వరసలోదే.

మారతహళ్ళి పీజీ: వేశా సార్, 5 వచ్చింది 😄 ఖజురాహో మీద ఎవరైనా నవల రాస్తే ముందు కాపీ నాకే.