రియో ఫవేలాల్లో జనం పోలీసులకు ఎందుకు చెప్పుకోరు?

వంశధార:
2025 అక్టోబర్ 28న బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో అలెమావ్, పెన్యా ఫవేలాల (పేదల బస్తీల) మీద పోలీసులు దాడి చేస్తే 120 మందికి పైగా చనిపోయారు కదా. మర్నాడు అక్కడి జనమే కొండ మీద అడవిలోంచి శవాలు మోసుకొచ్చి రోడ్డు మీద వరసగా పడుకోబెట్టిన ఫోటోలు చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఎన్నికలు, కోర్టులు అన్నీ ఉన్న దేశం, మరి ఇన్ని బస్తీలు ముఠాల చేతిలోకి ఎలా పోయాయి? జనం పోలీసులకు ఎందుకు చెప్పరు? భయమేనా?

ఆర్కే_వైజాగ్:
భయం ఉంది, కానీ అదొక్కటే కాదండీ. ఆయిల్ పని మీద మూడేళ్ళు రియోలో ఉన్నాను. మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడ ఫవేలాలోనే ఉండేది. పక్కింటివాళ్ళతో గోడ తగాదా వచ్చినా ఆవిడ స్టేషన్‌కి పోదు, దోనోకి చెప్పుకుంటుంది. దోనో అంటే ఆ కొండకి యజమాని, ముఠా పెద్ద. తీర్పు ఆ రోజే వచ్చేస్తుంది, దొంగ దొరికితే కొడతారు, ఒక్కోసారి చంపేస్తారు, దానికి అప్పీలు లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా ఫవేలాల్లో రాత్రి కర్ఫ్యూ పెట్టింది కూడా ముఠాలే.

1888లో బానిసత్వం రద్దు చేశారు గానీ విడుదలైనవాళ్ళకి భూమీ ఇవ్వలేదు, ఇళ్ళూ ఇవ్వలేదు. కొండలెక్కి గుడిసెలు వేసుకున్నవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. 2022 జనాభా లెక్కల ప్రకారం బ్రెజిల్ ఫవేలాల్లో 1.64 కోట్ల మంది ఉన్నారు. ఇక రియోలోని పెద్ద ముఠా రెడ్ కమాండ్ పుట్టింది సర్కారు జైల్లోనే. 1970ల చివర్లో, సైనిక పాలనలో, ఒక ద్వీపం జైల్లో మామూలు ఖైదీలనీ రాజకీయ ఖైదీలనీ కలిపి పెట్టారు. రాజకీయ ఖైదీలని చూసి మామూలు ఖైదీలు ఒక్కటిగా నిలబడటం నేర్చుకున్నారు. కొకెయిన్ డబ్బు తర్వాత వచ్చింది.

నల్లమల77:
సర్కారు అక్కడ లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. తుపాకీ పట్టుకుని వస్తుంది, పని అయ్యాక పోతుంది. 2008లో శాంటా మార్టా ఫవేలాతో మొదలుపెట్టి పోలీసులు అక్కడే మకాం ఉండే పథకం తెచ్చారు. మొదట్లో హత్యలు తగ్గాయి, నిజమే. కానీ పోలీసుల వెనకాలే వస్తాయన్న డ్రైనేజీ, క్లినిక్కులు చాలా చోట్లకి రానేలేదు. 2013లో రోసిన్యా ఫవేలాలో పోలీసులు పట్టుకెళ్ళిన ఒక తాపీమేస్త్రి మళ్ళీ ఇంటికి రాలేదు, ఆ కేసులో శిక్ష పడింది పోలీసులకే. ఇంకెవరు నమ్ముతారు చెప్పండి?

మిలీషియాలు అనే ఇంకో రకం సాయుధ ముఠాల సంగతి ఇంకా ఘోరం. వాటిని నడిపేవాళ్ళలో మాజీ పోలీసులున్నారు, డ్యూటీలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. కాపలా పేరుతో నెలనెలా వసూలు, గ్యాస్ బండ వాళ్ళ దగ్గరే కొనాలి, కేబుల్ వాళ్ళదే, ఇళ్ళు కట్టి అమ్మేదీ వాళ్ళే. 2019 ఏప్రిల్‌లో వాళ్ళ పట్టులో ఉన్న ముజెమా బస్తీలో అనుమతి లేని రెండు బిల్డింగులు కూలి 24 మంది చనిపోయారు. పోలీసు హింస మీద గొంతెత్తిన కౌన్సిలర్ మారియెలీ ఫ్రాంకోని 2018లో కాల్చి చంపారు. ఆ కేసులో 2024లో శిక్ష పడిన ఇద్దరూ మాజీ పోలీసులే.

సత్య_బెజవాడ:
గ్యాస్ బండ మాట చదివితే మా ఇల్లు గుర్తొచ్చింది. తుపాకులు లేవు, మాది కాల్ మనీ, అంటే ఫోన్ కొడితే ఇచ్చే భారీ వడ్డీ అప్పు. నాన్న ఆపరేషన్‌కి బ్యాంకు వాళ్ళు హామీ అడిగారు, కాల్ మనీ వాడు గంటలో 50 వేలు తెచ్చిచ్చాడు, మొదటి వడ్డీ ముందే కోసుకుని. అమ్మ చేత ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. స్టేషన్‌కి వెళ్ళొచ్చు కదా అని చుట్టాలు అనేవాళ్ళు. ఆ వడ్డీ వ్యాపారి స్టేషన్ ముందు టీ తాగుతూ ఎవరెవరితో మాట్లాడతాడో మా వీధంతా రోజూ చూసేది. 2015 డిసెంబర్‌లో కాల్ మనీ కేసులు బయటపడ్డాకే అమ్మ నోరు విప్పింది.

వంశధార:
సత్య గారూ, ఆ నోట్లు మీకు తిరిగొచ్చాయా?

సత్య_బెజవాడ:
రెండు వచ్చాయి. మూడోది ఇంకా వాడి దగ్గరే ఉంది.